ఖాళీ చేసిన వంతు

తనకల్లు దగ్గరి తన పల్లెలో ఉమ్మడి బోరుకే కన్నం వేయాలని శశికుమార్ నిశ్చయించుకున్నాడు. నాయన పెంచిన చీనీ (బత్తాయి) తోట కళ్లముందే ఎండిపోతోంది. వంతుకు వచ్చే నీళ్లు మొదళ్లు తడపడానికే చాలడం లేదు.

బోరు గది గోడకు బిగించిన పెట్టె ఒక చిన్న కంప్యూటర్. ఫోన్ నుంచి ఆజ్ఞ వస్తే ఆ వంతుదారు పొలం నీటి గేటు తెరుస్తుంది, గంట కాగానే మూసేస్తుంది. ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేసుకునే శశికుమార్‌కు అన్నం పెట్టేదే ఇలాంటి పెట్టెల కెర్నెల్‌లో, అంటే వాటిని నడిపే మూల ప్రోగ్రాములో, మెమరీ తప్పులు పట్టుకునే పని. ఇందులోనూ ఒకటి దొరికింది. వంతు వదులుకున్నవాడి పేరూ గేటూ రాసి ఉన్న మెమరీ చోటును కెర్నెల్ ఖాళీ చేస్తుంది గానీ, ఫోన్ నుంచి ఆ చోటును తెరిచే పాత తాళంచెవిని, అంటే రహస్య సంకేతాన్ని, మాత్రం రద్దు చేయదు. ఆ తాళంచెవితో తెరిస్తే గంట లెక్క కూడా ఉండదు, నీళ్లు ఎంతసేపైనా పారతాయి.

ఇంత తెలివి తనొక్కడికే ఎందుకిచ్చాడో దేవుడు అనుకున్నాడు.

"మా వంతు తీసేయన్నా," అన్నాడు బోరు సంఘం పెద్ద ముత్యాలప్పతో.

"ఏమప్పా, చెట్లు ఎండబెట్టుకుంటావా?"

"వేరే ఏర్పాటు చేసుకుంటాండా."

వంతు కోసం ఏడాదిగా సంఘం చుట్టూ తిరుగుతున్న భద్రమ్మ అక్కడే కూర్చుని ఉంది. శశికుమార్ ఆమెను పలకరించను కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే పాత తాళంచెవితో ఆజ్ఞ పంపాడు. ఫోన్‌లో 'గేటు తెరిచాం' అని వచ్చింది. మీసం ఉండి ఉంటే మెలేసేవాడే. ఆ ఊపులోనే కంపెనీ మీటింగులో కూర్చుని, కొత్తగా చేరినవాళ్లకు పాఠం మొదలుపెట్టాడు.

"ఖాళీ చేసిన చోటు ఇంకా ఖాళీగానే ఉందనుకోకండి. దాన్ని కెర్నెల్ ఎవరికైనా ఇచ్చేసి ఉండొచ్చు. అంతకంటే తెలివితక్కువ పని లేదు."

వాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు.

మధ్యాహ్నానికి నాయన ఎర్రప్ప తోట నుంచి దిగులుగా వచ్చాడు. కాళ్లనిండా ఎర్రదుమ్ము.

"చుక్క నీళ్లు రాలేదు రా."

"పొద్దున్నుంచీ గేటు తెరిచే ఉండాది నాయనా," అంటూ శశికుమార్ ఫోన్ చూపించబోయాడు.

అంతలో వాకిట్లోకి భద్రమ్మ వచ్చింది. ఆమెకు మోకాళ్లదాకా బురద.

"చల్లగా ఉండు నాయనా, నువ్వు వదిలేసిన చోటు నిన్ననే నాకిచ్చినారు. నా వంతు ఎల్లుండి కదా, మరి పొద్దున్నుంచీ నా శెనక్కాయ చేనంతా ఎవరు పారిచ్చినారో ఏమో!"