సీడీలో పంతులుగారు

పీట మీద కలశం పెట్టి కూర్చున్నాక స్టీరియో మొరాయించింది. అమరేశ్వరరావు ఎన్నిసార్లు సీడీ పెట్టినా బయటికి నెట్టేస్తోంది.

“పోనీ ఫోన్లో పెడదామా?”

“పోయినసారి ఆవాహన మధ్యలో టూత్‌పేస్టు ప్రకటన వచ్చింది. మళ్ళీ అదా?” అంది భార్య చంద్రకళ.

పరాయి దేశంలో, ఈ బ్రాంప్టన్‌లో ముహూర్తాల రోజు పంతులుగారు దొరకరు. సత్యనారాయణ వ్రతమంతా ఆయన తన గొంతుతో చదివి ఇచ్చిన ఆ సీడీయే దిక్కు.

వ్రతం దేనికో ఆ ఇద్దరికే తెలుసు. బేస్‌మెంట్‌లో అద్దెకున్న కాలేజీ అమ్మాయి తేజశ్రీ చేపలు వేయిస్తే, ఆ వాసన హీటర్ గొట్టంలోంచి తిన్నగా పూజగదిలోకి వస్తుంది. ఖాళీ చెయ్యమని ఆడపిల్ల మొహం మీద అనలేరు. తనంతట తనే వెళ్ళిపోయేలా చూడమని స్వామికి చెప్పుకోవాలి.

చివరికి ఆ తేజశ్రీనే పిలవాల్సి వచ్చింది. స్టీరియోను అటూ ఇటూ చూసి, గరాజ్‌లో మూలపడ్డ పాత కంప్యూటర్‌ను మోసుకొచ్చింది.

“అది ఎప్పుడో చచ్చిపోయిందమ్మా.”

“బుర్ర పోయిందంతే అంకుల్. సీడీ డ్రైవ్‌కి కరెంటు అందితే చాలు. దీని ముందు వైపే ప్లే బటన్ ఉంది, హెడ్‌ఫోన్ కన్నం కూడా ఉంది.”

ఆ కన్నంలోంచి స్టీరియో వెనక్కి ఒక వైరు కలిపి బటన్ నొక్కింది. పంతులుగారి గొంతు గదంతా నిండింది.

“నువ్వూ కూర్చోమ్మా” అన్నాడు అమరేశ్వరరావు మర్యాదకి.

“కూర్చోనా ఆంటీ? తలస్నానం చేసే వచ్చా. మీకు పూజని తెలిసి పొద్దున్నుంచి గుడ్డు కూడా వండలేదు.”

చంద్రకళ తన చాప కొంచెం అటు జరిపి చోటిచ్చింది.

“మీ కోరిక మనసులో చెప్పుకోండి” అని సీడీలో పంతులుగారు కాసేపు ఆగారు. అమరేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. ఈ పిల్లను ఇక్కడే ఉండనీ స్వామీ, అనుకున్నాడు. పూజలో కూర్చున్నాక కోరిక మార్చుకోవచ్చో లేదో ఆయనకు తెలియదు.

ప్రసాదం తింటూ తేజశ్రీ ఫోన్ చూసుకుంది.

“అంకుల్, నాకు కనాటా అనే ఊళ్ళో కో-ఆప్ వచ్చింది, చదువులో భాగంగా చేసే ఉద్యోగం. వచ్చే నెలలో రూమ్ ఖాళీ చేసేస్తా.”

ఆమె మెట్లు దిగి వెళ్ళేదాకా ఆగి, “ఇదేమిటి చంద్రా, నేను ఉండనిమ్మని కదా మొక్కుకున్నాను” అన్నాడు అమరేశ్వరరావు.

చంద్రకళ చేతిలో హారతి పళ్ళెం ఆగిపోయింది.

“మార్చినట్టు నాతో ఒక్క మాట అనొద్దుటండీ? నేను పాతదే చెప్పుకున్నాను.”