నూట నాలుగు ఎనిమిదులు

“సున్నాని కనిపెట్టింది ఎవరండీ మాస్టారూ?” అని అడిగాడు అనిల్ కుమార్.

ఎజ్రా మాస్టారికి ఒళ్ళు మండింది. పాలకొల్లు హైస్కూల్లో జుట్టు నెరిసేదాకా లెక్కలు చెప్పిన మనిషిని రాజమండ్రి రప్పించి, ఏసీ గదిలో చలికి వణికిస్తూ అడిగే మొదటి ప్రశ్న ఇదా? కోపం తెచ్చుకోవద్దని, అడిగినదానికే జవాబు చెప్పమని భార్య సంపూర్ణమ్మ తలుపు దాకా వచ్చి మరీ చెప్పింది. ఆవిడిప్పుడు బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటూ ఉంటుంది.

“అలా అడగకూడదు బాబూ,” అన్నాడు మెత్తగానే. “ఖాళీ చోటుకి గుర్తు పెట్టడం బాబిలోను వాళ్ళకీ తెలుసు. దాన్ని కూడా ఒక సంఖ్యగా చూసి, ఎలా కలపాలో, ఎలా తీసెయ్యాలో సూత్రాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు. ధనం, అంతే ఋణం కలిస్తే సున్నా అన్నాడు. అన్నీ మనమే కనిపెట్టామని నేను పిల్లలకి గొప్పలు చెప్పను. ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నా మనకి బోలెడుంది.”

అనిల్ కుమార్ కళ్ళు నవ్వాయి. తనకి చిన్నప్పటినుంచీ లెక్కలంటే భయమని, మాస్టారు ఇలా చెబుతూ ఉంటే తనకి హాయిగా ఉందని అన్నాడు. దేనిమీద అడగమంటారని నిన్న అడిగితే, మన ప్రాచీనుల గణితం మీద అడగమని కోరుకున్నది మాస్టారే. అది ఆయనకి కొట్టిన పిండి.

భయమల్లా వెనకనున్న పెద్దాయనంటేనే. మధ్యలో ఆకుపచ్చ తెర కట్టారు. తేల్చేది ఆయనే. అటు చూడొద్దని, ధ్యాసంతా అనిల్ మీదే పెట్టి ఆపకుండా మాట్లాడమని ముందే చెప్పారు.

ఇంతదాకా వచ్చిందంటే ఆ ఫిబ్రవరి రోజు వల్లే. ఎనిమిదో తరగతిలో సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డ మాస్టారికి ఏడెనిమిదులు ఎంతో తెలియలేదు. ఎంత తడుముకున్నా రాలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత మరో రెండుసార్లు అలాగే అయ్యింది. హెడ్మాస్టరు సత్తిరాజు మంచివాడే. గది తలుపు మూసి, “సెలవు పెట్టి ఈ సంగతేంటో తేల్చుకు రండి మాస్టారూ. ఇలాగైతే లెక్కల క్లాసు మీకివ్వలేనండి,” అన్నాడు. ఆ రాత్రి మాస్టారికి అన్నం సయించలేదు. లెక్కలు చెప్పని ఎజ్రా ఎవరో ఆయనకే తెలియదు.

నిన్న గుండుతో బస్సెక్కుతుంటే పక్కింటి వెంకటదుర్గ, అన్నవరం మొక్కా మాస్టారూ అని ఆటపట్టించింది. లూథరన్ చర్చిలో బైబిలు చదివే మనిషికి అన్నవరం మొక్కేంటని సంపూర్ణమ్మ కూడా నవ్వేసింది. ఇప్పుడు ఆ గుండే చల్లగా తగులుతోంది.

శుల్బ సూత్రాల గురించి అడిగాడు అనిల్ కుమార్. శుల్బమంటే తాడని, యజ్ఞవేదికలు కొలవడానికి తాడు లాగి పట్టుకున్నవాళ్ళకే కర్ణం మీది చతురస్రం సంగతి తెలిసిందని మాస్టారు హుషారుగా చెప్పుకుపోయాడు. అసలు తను ఎక్కడున్నాడో కూడా మర్చిపోయాడు.

“మరి ఆర్యభటుడు ‘పై’ విలువ ఎలా చెప్పాడండీ?”

“నూరుకి నాలుగు కలుపు. ఎనిమిదితో హెచ్చవెయ్యి. దానికి అరవై రెండు వేలు కలుపు. ఇరవై వేల వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత దాదాపు అంత అన్నాడు. దాదాపు అన్నాడు చూశావా, అదీ ఆయన గొప్పతనం. చేసి చూపిస్తాను. నూట నాలుగు ఎనిమిదులు...”

అక్కడ ఆగిపోయింది.

నూట నాలుగు ఎనిమిదులు. తెలుసు. నిన్నటికి నిన్న చేశాడు. నాలుక కదిలింది గానీ అంకె రాలేదు. మళ్ళీ ఆ ఫిబ్రవరి, ఆ సుద్దముక్క, ఆ నవ్వు. అయిపోయింది, ఇక ఇంట్లో కూర్చోవడమే అనుకున్నాడు.

“ఆగండి, అక్కడ వద్దు,” అంది తెర వెనక గొంతు, ఎవరితోనో. “ఇప్పుడు మళ్ళీ అడుగు అనిల్.”

“కంగారు పడకండి మాస్టారూ. నూట నాలుగు ఎనిమిదులు?”

“ఎనిమిది వందల ముప్పై రెండు,” అనేశాడు ఎజ్రా మాస్టారు. తనే ఆశ్చర్యపోయాడు. “అరవై రెండు వేలు కలిపితే అరవై రెండు వేల ఎనిమిది వందల ముప్పై రెండు. ఇరవై వేలతో భాగిస్తే మూడు పాయింటు ఒకటి నాలుగు ఒకటి ఆరు.”

అలా ఇంకా చాలాసేపు అడిగారు. ఎక్కడా తడుముకోలేదు. చివరికి తెర వెనక పెద్దాయనే నేరుగా అడిగాడు.

“ఏడెనిమిదులు ఎంతండీ మాస్టారూ?”

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

“యాభై ఆరు.”

ప్రాణం లేచొచ్చింది. కన్నీళ్ళు చెంప మీదుగా జారుతుంటే అనిల్ కుమారే దూదితో తుడిచాడు. బళ్ళు తెరిచాక లెక్కల క్లాసు తనకే ఇస్తారా అని మాస్టారు చిన్నపిల్లాడిలా అడిగాడు. ఇవ్వకపోతే తనే పాలకొల్లు వచ్చి మాట్లాడతానని పెద్దాయన నవ్వాడు. ముందు బయట బెంచీ మీదున్న సంపూర్ణమ్మకి ఓ మాట చెప్పిరమ్మని అనిల్ కుమార్ ఎవరినో పంపాడు.

“మెదడులో గడ్డ మొత్తం వచ్చేసింది, ఇక పుర్రె మూసేద్దాం,” అన్నాడు పెద్దాయన.