రాజులమ్మ నిద్ర

ఏప్రిల్ 21. పొద్దున్నుంచే ఉక్క. జీడిపిక్కలు డాబా మీద ఆరబోశాను.

నా గురకతో నాలుగేళ్లుగా రాజులమ్మకి నిద్ర లేదు. పగలు కూర్చున్నచోటే తూగేది, అన్నం సయించేది కాదు. "నీ గురకే నన్ను తినేత్తంది బావా" అనేది.

నాకు నిద్రలో ఊపిరి ఆగిపోతోందని చెప్పి, టెక్కలి డాక్టరు గాలి మిషను రాశాడు. ముక్కుకి మాస్కు బిగిస్తే ప్రాణం పోయినట్టుండేది. వారంలో మూడుసార్లు పీకి పారేశాను.

"సిక్కం కట్టిన ఎద్దులాగున్నావు. అయినా నాకోసం ఎట్టుకో బావా, కాసింత పడుకుంటాను" అంది.

ఆమె కోసమే పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి గురక పోయింది. రాజులమ్మ నీరసం మాత్రం పోలేదు.

ఈరోజు పలాస తీసుకెళ్లి పరీక్షలు చేయించాను. రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు. రెండేళ్ల ముందు వచ్చి ఉంటే మందులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చేవారట.

మా ఉద్దానంలో ఎవరికి నీరసం వచ్చినా ముందు కిడ్నీనే అనుమానిస్తారు. మా ఇంట్లో నేను నా గురకని అనుమానించాను.

ఆటోలో వస్తూ తప్పు నాదేనన్నాను.

"నీకేటి తెలుసు బావా? కాళ్లు వాచినప్పుడే నాకు తెలిసిపోనాది. మాయమ్మ అలాగే పోనాది కదా. ఆ వాపుని సీర కుచ్చిళ్ల కింద దాసేదాన్ని. నీ గురకని తిడతా ఉంటే పరీక్షకి ఎల్లక్కర్నేదనుకున్నాను."

ఇంటికొచ్చాక ఆవుకి కుడితి పెట్టి, డాబా మీది జీడిపిక్కలు ఎత్తాను.