అద్దె తలకాయ

తన బదులు స్కానింగ్ మెషీన్‌లో పడుకోవడానికి తాన్ ఒక మనిషిని కుదుర్చుకున్నాడు.

చోంగ్‌చింగ్‌లో అద్దె మనుషులకు కొదవలేదు. ఒకరి బదులు క్యూలో నిలబడేవాళ్లున్నారు, పరీక్ష రాసేవాళ్లున్నారు. తలకాయ అద్దెకిచ్చేవాణ్ణి చూడటం మాత్రం తాన్‌కు ఇదే మొదలు. వాడి పేరు కోంగ్. తాన్ లాగే గుమ్మం పట్టనంత మనిషి.

"పోలికలు చూసి పట్టేసుకోరూ?" అన్నాడు తాన్.

"లావు మొహాలన్నీ వాళ్ల కంటికి ఒకటే అన్నా. పైగా మాస్కు, టోపీ ఉంటాయి. నువ్వు నాకు కడుపునిండా తిండి పెట్టు, చాలు."

కిటుకంతా ఆ తిండిలోనే ఉంది. ఆసుపత్రిలో స్థూలకాయం మీద పరిశోధన జరుగుతోంది. డాక్టర్ చ్యూ లావుపాటి వాళ్ల చెవుల్లో సూదులు గుచ్చుతాడు. ఆ తర్వాత డాక్టర్ షెన్ రోజుకొకరిని మెషీన్‌లో పడుకోబెట్టి పంది మాంసం, నూడుల్స్ బొమ్మలు చూపిస్తుంది. అవి చూసి మెదడులో ఆకలి చోటు వెలిగితే సూది పనిచేయనట్టే. పీకలదాకా తిన్నవాడి మెదడు వెలగదు.

ఆ ఉపాయం తాన్ ముందు తన మీదే ప్రయోగించి చూసుకున్నాడు. పీకలదాకా తిని, త్రేన్చుతూ వీధిలోకొచ్చి, ఎదుటి హోటల్ బోర్డు మీది బాతు బొమ్మ చూసి లొట్టలేశాడు.

మెదడు వెలిగిందా, అతని పని అయిపోయినట్టే. భార్య మేయింగ్ ముందే తేల్చి చెప్పింది: "ఈ సూదులకు కూడా లొంగకపోతే నిన్ను సన్నబడే శిబిరంలో పడేస్తాను. గేటుకు తాళం వేసి ఉడకబెట్టిన క్యాబేజీ పెడతారట. నీలాంటివాడికి అదే తగిన శాస్తి."

స్కానింగ్ రోజున కోంగ్, తాన్ నడిపే హాట్‌పాట్ హోటల్లో కూర్చుని, మిరప నూనెలో కుతకుతలాడుతున్న పేగులూ బాతు నెత్తురు ముద్దలూ పళ్లాలకు పళ్లాలు ఖాళీ చేసి వెళ్లాడు.

"ఆ బొమ్మలు చూస్తుంటే వాంతొచ్చిందన్నా!" అన్నాడు తిరిగొచ్చి, గర్వంగా.

ఫలితాలు చెప్పడానికి అందరినీ ఇంటివాళ్లతో సహా హాల్లోకి పిలిచారు. డాక్టర్ చ్యూ మొహం మతాబులా వెలిగిపోతోంది.

"ఒక్కరి మెదడు కూడా వెలగలేదు! నా సూది గెలిచింది!"

చప్పట్లు మోగాయి. ఇంతమంది నిజాయితీపరుల మధ్య తానొక్కడే దొంగ అని తాన్ తల దించుకున్నాడు.

డాక్టర్ షెన్ లేచింది. "మెదడు మడతలు వేలిముద్రల్లాంటివి. ఏ ఇద్దరివీ ఒకేలా ఉండవు. సూదులకు ముందు తీసిన స్కాన్‌లో ఒక మెదడు, తర్వాత తీసిన దాంట్లో ఇంకో మెదడు కనిపిస్తోంది. బదులు మనిషిని పంపినవాళ్లు తమంతట తాము లేచి చెబితే మర్యాదగా ఉంటుంది."

"ఎవడో సిగ్గులేనివాడు," అని గొణిగింది మేయింగ్.

తాన్ చెమటలు కక్కుతూ లేచాడు. "నేనే."

"ఛీ!" ముందు వరసలోంచి ఫాంగ్ టీచరమ్మ అరిచింది. "మేమంతా నోరు కట్టుకుని, చెవులు తూట్లు పొడిపించుకుంటే నువ్వు దొంగ దారిలో పోతావా?"

"నీ ఒక్కడి వల్ల మా అందరి పరువూ పోయింది కదయ్యా!" బల్ల గుద్దాడు ఓ టాక్సీ డ్రైవర్.

"నా పరిశోధనకు పట్టిన చెదపురుగువి!" డాక్టర్ చ్యూ వణికిపోయాడు.

మేయింగ్ అప్పటికే ఫోన్ తీసింది. "హలో, శిబిరమేనా?"

"కూర్చోండి తాన్ గారూ. మీరొక్కరైనా ఒప్పుకున్నారు," అంటూ డాక్టర్ షెన్ తెర వెలిగించింది. "డాక్టర్ చ్యూ, రెండోసారి తీసిన స్కాన్లన్నీ ఇవిగో. టీచర్ గారిదీ, డ్రైవర్ గారిదీ, ఈ హాల్లో సూదులు పొడిపించుకున్న ప్రతి ఒక్కరిదీ ఒకటే తలకాయ."