ఇరవై మూడో సీసా

"ముందు కూర్చోండమ్మా," అంది పరిశోధకురాలు. టిష్యూ పేపర్ల డబ్బా వచ్చినామె వైపు జరిపింది. ఆస్పత్రి పరిశోధనశాలకు ఒప్పుకోలు సంతకానికి వచ్చేవాళ్లు ఏడుస్తారని, ఉద్యోగంలో చేరిన రోజే తనకు చెప్పారు. చేరి మూడు వారాలైంది.

వచ్చినామె కూర్చోలేదు. మోటార్లకు రాగితీగ చుట్టే పని ఆమెది. వేళ్ల సందుల్లో వార్నిష్ మరకలు. లిఫ్టు చెడిపోతే మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. ముఖానికున్న మాస్కు మాత్రం తియ్యలేదు.

"కూర్చోవడానికి రాలేదమ్మాయ్. ఏదీ, చూపించు."

పరిశోధకురాలు బీరువాలోంచి సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఇరవై మూడు. లోపల మందునీళ్లలో గుండె, మాసిన తోలుసంచిలా ఉంది.

ఆమె వంగి చూసింది.

"వీడేనా! ఇంతేనా? ఈ మాత్రం దానికా అంత రభస చేశాడు?"

షాపులో మొరాయించిన మోటారును తిట్టినట్టే తిట్టింది.

"చాలా ఏళ్లు బాధపడ్డారా?" గొంతు తగ్గించి అడిగింది పరిశోధకురాలు.

"ఇరవై ఏళ్లు. చెప్పాపెట్టకుండా ఆగేవాడు. ఒకసారి బస్సులో. ఒకసారి మా చెల్లి పెళ్లిలో, అందరి ముందూ. నిమిషానికి ముప్పైసార్లు కొట్టుకుంటే అదే పదివేలు."

"ఎప్పట్నుంచి కలిసున్నారు?"

"నాకు ఊహ తెలియకముందు నుంచీ."

వరసకు బావ అయ్యుంటాడు, అనుకుంది పరిశోధకురాలు. దగ్గర సంబంధం. వంశంలో వచ్చే జబ్బు కాబట్టి పనికొస్తుందని నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. అడిగి రాసుకోవచ్చు. చదువుకున్నవాళ్లు అడగరు.

తర్వాత సీసా తిప్పి చూపించింది.

"ఈ మధ్యగోడలోంచే పై గదుల కరెంటు కింది గదులకు దిగుతుందమ్మా. ఆ దారి ఎక్కడ పాడైందో తెలియాలంటే దీన్ని కాయితం కంటే పల్చగా కోసుకుంటూ పోవాలి. రెండు వేల ముక్కలవుతాయి. ఇక సీసాలో పెట్టడానికి ఏమీ మిగలదు."

ఆమె సీసాను తనవైపు లాక్కుంది.

"మా అమ్మాయికీ మొదలైంది," అంది. "పోయిన నెల పనిచేసే చోట రెండుసార్లు పడిపోయింది. నాడి నలభై దాటట్లేదు. డాక్టర్లేమో చూద్దాం, చూద్దాం అంటున్నారు. ఏం చూస్తారట? నేల మీద పడున్న పిల్లనా?"

"దారి ఎలా తెగిందో ఇందులో దొరికితే, మీ అమ్మాయికి గుండెను కొట్టించే పేస్‌మేకర్ యంత్రం ఇప్పుడే పెట్టాలని మేం గట్టిగా చెప్పగలం. దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను."

"మోటారు విప్పకుండా రిపేరు చేసినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. కొయ్యి."

"తొందరేం లేదమ్మా, ఆలోచించుకోండి. ఇన్నేళ్ల తోడు కదా..."

"తోడా! నట్టేట ముంచాడు. ఇప్పుడైనా నా కూతురికి పనికొస్తాడేమో చూద్దాం."

అంటూనే సీసాను రెండు చేతులా ఎత్తింది. బరువు చూసింది. ఎత్తినంత తొందరగా దించలేదు.

పరిశోధకురాలి కళ్లు తడిశాయి. టిష్యూ తానే తీసుకుంది.

"మీరు చాలా గట్టివారమ్మా."

"ఇప్పుడు గట్టిదాన్నే. మూడంతస్తులు ఎక్కొచ్చా, చూశావుగా. కాయితం ఏదీ?"

ఫారం ఇచ్చింది. 'చనిపోయినవారు మీకు ఏమవుతారు?' అని ఉంది అందులో. ఎదురుగా భార్య, భర్త, బిడ్డ, ఇతరులు అని నాలుగు గడులు. ఫారాలు తయారుచేసేవాళ్లకు లోకం మొత్తం నాలుగు గడుల్లో సరిపోతుంది.

"ఇక్కడ టిక్కు పెట్టి, కింద సంతకం చెయ్యండి."

ఆమె పెన్ను తీసుకుని ఆ వరుస మొత్తం అడ్డంగా కొట్టేసి, పైట జారి బయటపడిన ఛాతీ మీది నిలువు కుట్టుమచ్చను కప్పుకుంటూ, కింద రాసింది: 'ఎవరూ చావలేదు, ఇది నా గుండే, రెండేళ్ల కిందట తీసి వేరేది పెట్టారు.'