అచ్చియ్యమ్మ ఖర్చు

“అడిగినప్పుడల్లా పంపడానికి నేనేటి ఏటీఎమ్మునా?” గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా అరిచాడు ఉమామహేష్.

“మెల్లగా. అమ్మ బెదిరిపోతాది,” అంది గౌతమి, కుట్టుమిషను ఆపి. “డైపర్లు, మందులు నా ఒక్కదాని కుట్టు మీద అవ్వట్లేదు. మొన్న గడియ తీసుకుని రావికమతం రోడ్డు మీదకి ఎల్లిపోయింది. చెరుకు ట్రాక్టరు కింద పడాల్సింది. కాపలా మనిషిని పెట్టాలి.”

“ఏదైనా ఆశ్రమంలో పడెయ్.”

“దానికి ఎవరు కడతారు? పోనీ, నీ దగ్గరకి తీసుకెల్లు.”

“మా ఆవిడ ఒప్పుకోదు.”

మంచం మీద కూర్చున్న అచ్చియ్యమ్మ ఉన్నట్టుండి గౌతమి జడ పట్టుకుని లాగింది. “ఎవత్తివే నువ్వు? మా ఇంట్లో నీకేటి పని? నా గాజులు తీసేసింది బాబూ, దొంగముండ!”

గాజులు ఆవిడ చేతికే ఉన్నాయి. ఆసుపత్రి ఖర్చులకి పోయినవి గౌతమివి.

ఉమామహేష్ నవ్వాడు. “మతి పోయినా మనుషుల్ని బాగానే పోల్చుకుంటంది.”

“అయితే నీ పేరేటో అడుగు, సెప్తాదేమో సూద్దాం.”

అతను అడగలేదు.

“ఆవిడ పొలం అమ్మి నువ్వు గాజువాకలో ఫ్లాటు కొన్నావు,” అంది గౌతమి జడ విడిపించుకుంటూ. “ఆ ఫ్లాటులో ఉండలేక నా దగ్గరకి వచ్చేసింది. ఎందుకొచ్చేసిందో నీకు తెల్సు.”

“నా ఇంటి సంగతులు నీకెందుకే? రూపాయి ఇవ్వను. ఏటి చేసుకుంటావో చేసుకో!”

గౌతమి అతని మాటే విన్నది. అచ్చియ్యమ్మను ఆటో ఎక్కించుకుని అనకాపల్లి వెళ్లి, ఆవిడ పేరు మీద ఆర్డీవో ఆఫీసులో పోషణ కోసం అర్జీ పెట్టింది.

విచారణ రోజు ఉమామహేష్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. తల్లి కూర్చున్న చోటే తడిపేసుకుంటే, ముక్కు మూసుకుని కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. గౌతమి తన తువ్వాలుతో ఆవిడ కాళ్లు తుడిచి, తర్వాత నేల తుడిచింది.

అధికారిణి అదంతా చూస్తూనే ఉంది. “తల్లి పొలం అమ్ముకున్నావు. తల్లికి అన్నం పెట్టడానికి ఏడుస్తున్నావా? నెలనెలా కట్టాల్సిందే.”

“అమ్మకేం తెలుసు మేడం? అంతా దీని పని!” ఉమామహేష్ లేచి నిలబడ్డాడు. “అసలు మా అమ్మ సంగతి అడగడానికి దీనికి హక్కేటి?”

“కన్నకూతురికి హక్కేమిటంటావేమయ్యా?”

ఉమామహేష్ చూపు తిప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు.

“నేను కూతుర్ని కాదండి,” అంది గౌతమి, అచ్చియ్యమ్మ కొంగు సరిచేస్తూ.

“ఈయన వదిలేసిన పెళ్లాన్ని.”