ఊడ్చిన ఇసుక

పడవ దిగగానే, దాన్ని నడిపిన ముసలాయన ఒకే ఒక్క మాట చెప్పాడు.

"ఎంతసేపైనా ఉండండమ్మా. ఆ మొగలి పొదల వైపు మాత్రం వెళ్లకండి. ఊబి."

కండక్టరుకు ఆ మాట చెవికెక్కనే లేదు. ఏళ్లతరబడి బస్సులో నిలబడి అరిగిన కాళ్లాయనవి. అంత మెత్తటి ఇసుక చూసేసరికి చెప్పులు అక్కడే వదిలేశాడు. నరమానవుడు లేని తీరం. ఒక్క కాగితం ముక్క లేదు, ఒక్క సీసా లేదు. ఎండ మాడ్చేస్తున్నా పంట్లాం మడుచుకుని పసిపిల్లాడిలా నీళ్లలోకి ఉరికాడు.

ఆయన భార్య గొడుగు వేసుకుని ఒడ్డునే నిలబడింది. ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. కుట్టు ఎక్కడ తప్పినా ముందు ఆవిడ కంటికే కనబడుతుంది. మనుషుల్లోనూ అంతే.

"ఏమండీ, ఊబి అన్నాడా, తనే అందులో తిరుగుతున్నాడు చూడండి."

"అలవాటైన మనిషి."

"చేతిలో ఆ ఎండు మట్ట ఏమిటి? ఇసుక ఊడుస్తున్నాడు. సముద్రం ఒడ్డున ఇసుక ఊడ్చేవాణ్ణి ఎక్కడైనా చూశారా?"

కండక్టరు నవ్వాడు. పాలవాణ్ణి అనుమానించావు, ఇస్త్రీ మనిషిని అనుమానించావు, పక్కింటి పిల్లినైనా వదల్లేదు, ఇక ఈయనే మిగిలాడా అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. పొదల చాటుగా వెళ్లి మరీ చూసొచ్చింది. నీళ్ల అంచు నుంచి పైదాకా ఇసుకలో వెడల్పాటి చార. బరువైనదేదో ఈడ్చుకొచ్చినట్టుంది. ముసలాయన ఆ చారనే చెరిపేస్తున్నాడు. అది ఆగినచోట మోకాళ్ల మీద కూర్చుని ఇసుక సర్దాడు. పైన ఎండుటాకులు చల్లాడు. నాలుగు వైపులా చూశాడు.

"దొంగసరుకండీ. రాత్రి దింపి పాతిపెట్టారు. రేపు పట్టుబడితే ఈ పడవ ఎక్కిందెవరని ఆరా తీస్తారు. మీ ఉద్యోగం ఊడిందంటే పిల్లల చదువులేం కావాలి?"

ఆ మాటతో కండక్టరు నవ్వు ఆగిపోయింది.

ఇద్దరూ తిరిగి పడవెక్కారు. ఎండగా ఉందని ముసలాయన కుండలోంచి మంచినీళ్లు ముంచి ఇచ్చాడు. ఆవిడ తాగినట్టే తాగి సముద్రంలో పారబోసింది.

రేవులో టీకొట్టు దగ్గర ఇద్దరు కూర్చుని ఉన్నారు. నున్నగా దువ్విన జుట్టు, మర్యాదైన మాట. ఆవిడ మొహం చూసి కుర్చీ జరిపారు, ఏమైందక్కా అని అడిగారు. ముసలాయన పడవ కట్టేసి కనుమరుగయ్యేదాకా ఆగి, ఆవిడ ఉన్నదంతా చెప్పేసింది.

"మేమూ ఆ ముసలాడి మీదే కన్నేసి ఉన్నామక్కా," అన్నాడు వాళ్లలో ఒకడు. "చోటే అంతుపట్టట్లేదు. అది చెప్పండి చాలు. మీ పేరు బయటికి రాదు."

మఫ్టీలో ఉన్న పోలీసులే అనుకుంది. ఏ పొద పక్కన, ఏ వైపున, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. బస్సెక్కాక కండక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఈసారి నీ అనుమానమే మనల్ని గట్టెక్కించిందే అన్నాడు.

పొద్దు వాలకముందే ఆ ఇద్దరూ అక్కడికి వెళ్లి ఇసుక తవ్వి, ముసలాయన ఇన్నాళ్లూ తల్లి తాబేళ్ల జాడలు చెరిపి కాపాడుకొస్తున్న గుడ్లన్నీ సంచిలోకి ఎత్తుకున్నారు.